సరస్సు ప్రణాళికలో ప్రజల చోటు: కొల్లేరు చెప్పే పాఠాలు

పోటీ పరీక్షల గైడుల్లో కొల్లేరు గురించి సాధారణంగా ఒక్క మార్కు ప్రశ్నే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోని పెద్ద మంచినీటి సరస్సు ఏది? కొల్లేరు అని గుర్తు పెట్టి తరువాతి ప్రశ్నకు వెళ్ళిపోతాం. కానీ ఆ ఒక్క మాట వెనుక లక్షల మంది బతుకులు ఉన్నాయి. గట్లు కట్టినవారు ఉన్నారు, ఆ గట్లు పగలగొట్టించిన ఉత్తర్వులు ఉన్నాయి, యాభై ఏళ్ళుగా తెగని తగాదా ఉంది.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒక పెద్ద సరస్సును ఎలా వాడుకోవాలి, ఎలా కాపాడుకోవాలి అనే ప్రణాళికను దాని మీద బతికేవారితో కలిసి తయారు చేయాలి. అలా చేయనప్పుడు, ఆ ప్రణాళిక ఎంత మంచి ఉద్దేశంతో వచ్చినా మొదటి దెబ్బ పేదవాడికే తగులుతుంది, చివరికి సరస్సు కూడా మిగలదు.

మిత్రులారా! మన హాస్టళ్ళలో చదువుకున్న వాళ్ళలో ఎక్కువ మందిమి కూలీల, కౌలు రైతుల, మత్స్యకారుల ఇళ్ళ నుండి వచ్చినవాళ్ళం. చాలా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కింది మనమే మొదలు. ప్రభుత్వ కాగితం చదివి, దాని అర్థం ఊళ్ళో నలుగురికీ చెప్పవలసింది కూడా మనమే. అందుకే ఈ విషయం మనకు పరీక్ష కోసం మాత్రమే కాదు.

కొల్లేరు గిన్నె కాదు, పళ్ళెం

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లపు ప్రాంతమే కొల్లేరు. పూర్వం ఇది కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య ఉండేది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగాక ఎక్కువ భాగం ఏలూరు జిల్లాలోకి వచ్చింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి వాగులు, డెల్టా పంట కాలువలు, మురుగు కాలువలు దీనిలోకి నీళ్ళు తెస్తాయి. నీళ్ళు బయటికి పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి. అది సుమారు 60 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది.

కొల్లేరు చేసే పనులు ప్రధానంగా రెండు. వానాకాలంలో వాగుల వరదను తన మీద వేసుకుని నెమ్మదిగా సముద్రానికి వదులుతుంది. ఎండాకాలంలో తన మంచినీటి మట్టంతో సముద్రపు ఉప్పునీటిని ఎగువకు రాకుండా ఆపుతుంది. సరస్సు మట్టం బాగా పడిపోతే ఉప్పుటేరు ఎదురు తిరిగి ఉప్పునీటిని లోపలికి మోసుకొస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పల్లపు ప్రాంతాలను ముంచిన సంగతి అందరికీ గుర్తుంది. ఆ బుడమేరు చివరికి చేరేది కొల్లేరుకే. కింద నీటికి చోటు లేకపోతే పైన ఊళ్ళకు కూడా ముప్పేనని దీన్ని బట్టి తెలుస్తుంది.

కొల్లేరు ఊళ్ళలో చదువు రానివారి నోట కూడా వినపడే మాట 'కాంటూరు'. సముద్రమట్టం నుండి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గీసే గీతను కాంటూరు అంటారు. ఐదో కాంటూరు అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున ఉన్న గీత. కొల్లేరు లోతైన గిన్నెలాగా ఉంటే ఈ గీత ఒక అడుగు అటూ ఇటూ జరిగినా పెద్ద తేడా రాదు. కానీ అది పళ్ళెంలాగా పలచగా పరుచుకున్న సరస్సు. మూడో కాంటూరు వరకు తీసుకుంటే దాని విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. ఐదో కాంటూరు వరకు తీసుకుంటే సుమారు 308, పదో కాంటూరు వరకు తీసుకుంటే సుమారు 901 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద గీతను రెండు అడుగులు కిందికి దింపితే సగానికి పైగా అభయారణ్యం లెక్కలో లేకుండా పోతుంది. అందుకే ఇక్కడ గీత ఎవరు గీస్తారు, ఎవరిని అడిగి గీస్తారు అన్నది బతుకు ప్రశ్న.

ఒక్క సరస్సు, ఎన్నో అవసరాలు

సరస్సు ఒకటే అయినా దాని మీద ఆధారపడిన వారి అవసరాలు ఒకటి కావు. ముఖ్యమైనవి చూద్దాం.

1. సంప్రదాయ మత్స్యకారులు. వీరిలో వడ్డి కులస్తులు ఎక్కువ. వలలతో, మావులతో, దోనెల మీద తిరిగి చేపలు పడతారు. కొరమీను, మట్టగిడస, ఇంగిలాయి వంటి నాటు చేపలు దొరకాలంటే వీరికి గట్లు లేని పారే నీళ్ళు కావాలి.

2. చేపల చెరువులవారు. బొచ్చె, శీలావతి వంటి చేపలు పెంచడానికి వీరికి చుట్టూ గట్టు, నిలవ నీరు కావాలి.

3. వరి రైతులు. ఎగువన ఉన్నవారికి వరదనీరు త్వరగా దిగిపోవాలి. దిగువన ఉన్నవారికి ఉప్పునీరు రాకుండా సరస్సులో నీరు నిలవాలి. ఒకరు తూము తెరవమంటే మరొకరు మూయమంటారు.

4. భూమిలేని కూలీలు. దళితులు, ఇతర పేదలు చెరువు గట్ల మీద, వరి చేలలో పని చేస్తారు. కాగితం మీద వీరికి ఏ హక్కూ ఉండదు. ఏ మార్పు వచ్చినా ముందు పోయేది వీరి పనే.

5. ఆడవారు. మంచినీళ్ళు తేవడం, చేపలు అమ్మడం, గడ్డి కోసుకు రావడం ఎక్కువగా వీరి పనులే. నీరు చెడిపోతే ఎంత దూరం నడవాలో తెలిసేది వీరికే.

6. పట్టణాలు, పరిశ్రమలు. వీటి మురుగునీరు కాలువల గుండా చివరికి సరస్సులో కలుస్తుంది.

7. పక్షులు. ఆటపాక దగ్గర గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. ఇవి అర్జీ పెట్టుకోలేవు. వీటి తరఫున మాట్లాడడానికి చట్టం, శాస్త్రవేత్తలు ఉన్నారు.

ఈ ఏడింటిలో ఏ ఒక్క దానినే పట్టుకుని ప్రణాళిక వేసినా మిగతా ఆరూ అడ్డం తిరుగుతాయి. కొల్లేరులో జరిగింది అదే.

పై నుండి వచ్చిన ప్రణాళికలు

1970ల రెండో సగంలో అప్పటి ప్రభుత్వం మత్స్యకారులకూ, ఇతర బలహీన వర్గాలకూ సహకార సంఘాలు పెట్టించి, కొల్లేరు భూముల్లో చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. పేదవారిని యజమానులను చేద్దామన్నది మంచి ఆలోచనే. అయితే చెరువు నడపాలంటే పిల్ల కొనాలి, మేత కొనాలి, గట్టు బాగు చేయించాలి. సంఘం దగ్గర ఆ పెట్టుబడి లేదు. డబ్బున్న బయటివారు లీజుకు తీసుకున్నారు. సభ్యుడి పేరు రిజిస్టరులో ఉండిపోయింది, మనిషి మాత్రం తన చెరువు గట్టు మీదనే కూలీ అయ్యాడు. 1980ల తరువాత చెరువులు విపరీతంగా పెరిగి, గట్ల మధ్య సరస్సు ముక్కలు ముక్కలైపోయింది. నీటి దారులు మూసుకుపోయాయి. గుర్రపుడెక్క, కిక్కిస అల్లుకుపోయాయి.

తరువాత పెద్ద మలుపు 1999 అక్టోబరులో వచ్చింది. జీవో 120 ద్వారా ఐదో కాంటూరు వరకు ఉన్న సుమారు 308 చదరపు కిలోమీటర్లను, అంటే దాదాపు 77 వేల ఎకరాలను, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టులో కొల్లేరుకు రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 1971లో ఇరాన్‌లోని రామ్‌సార్ పట్టణంలో కుదిరిన చిత్తడి నేలల ఒప్పందం కింద ఇచ్చే గుర్తింపు ఇది. దేశానికి ఇది గౌరవమే. అయితే ఐదో కాంటూరు లోపల ప్రభుత్వ భూములే కాక వేల ఎకరాల జిరాయితీ భూములు కూడా ఉన్నాయి. ఊళ్ళు ఉన్నాయి. తాతల నాటి పట్టా చేతిలో ఉన్నా ఆ భూమిలో ఏం చేసుకోవచ్చో, ఏం చేసుకోకూడదో తెలియని స్థితి ఏర్పడింది.

మూడో మలుపు 2006లో వచ్చింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫార్సుల మీద, కోర్టు ఆదేశాల ప్రకారం, 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువుల గట్లను యంత్రాలతో, పేలుడు పదార్థాలతో పగలగొట్టారు. 40 వేల ఎకరాలకు పైగా చెరువులు ఇలా పోయాయి. సరస్సు ఊపిరి పీల్చుకుంది నిజమే. కానీ పెట్టుబడి పెట్టినవారిలో చాలామందికి వేరే ఊళ్ళలో వేరే దారులు ఉన్నాయి. లీజు డబ్బులో వాటా మీద, గట్టు పని మీద బతికేవారికి అవి లేవు. గట్టు పోయిన మరునాడు వారి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలన్న దానికి ఉత్తర్వులో చెప్పినంత గట్టి ఏర్పాటు ఊళ్ళో కనబడలేదు. ఆ ఖాళీలోనే కొన్నేళ్ళకు చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానం చేసింది. ఆ తరువాత కేంద్రం పి.ఎ. అజీజ్ నాయకత్వంలో వేసిన నిపుణుల కమిటీ కుదించవద్దని చెప్పింది. ఐదా, మూడా అన్న వాదన ఎన్నికల వాగ్దానంగా మారింది. 2025లో కూడా కేంద్ర సాధికార కమిటీ కొల్లేరుకు వచ్చి ప్రజల మాట వినవలసి వచ్చింది.

వీటన్నిటిలో మనం గమనించవలసింది ఏమిటంటే, ఒకసారి సంక్షేమం పేరుతో, ఒకసారి పక్షుల పేరుతో, ఒకసారి చట్టం పేరుతో, ఒకసారి ఓట్ల పేరుతో గీత గీశారు. ఎప్పుడూ ఆ ఏడు పక్షాలను ఒక్కచోట కూర్చోబెట్టి నీటి లెక్క, బతుకు లెక్క కలిపి వేయలేదు.

ఉమ్మడి ప్రణాళిక అంటే ఏమిటి?

దీన్ని మన హాస్టల్ మెస్ కమిటీతో పోల్చి చూద్దాం. వారం మెనూ గోడకు అంటిస్తే అది సమాచారం ఇవ్వడం. 'మీకేం కావాలి?' అని అడిగి నోటు పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోతే అది సంప్రదించడం. విద్యార్థుల ప్రతినిధులు సరుకులు తూకం వేసేచోట నిలబడి, స్టాకు రిజిస్టరు చూసి, సరిగ్గా ఉంటేనే సంతకం పెడితే అది భాగస్వామ్యం. మూడింటికీ ప్రజల భాగస్వామ్యం అనే ఒకే పేరు పెట్టడం మన దేశంలో మామూలైపోయింది. అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆమె 1969లోనే ఈ తేడాను ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరించారు. కింది మెట్ల మీద ప్రజలు ఉన్నట్టు కనబడతారు, నిర్ణయం మాత్రం వారి చేతిలో ఉండదు.

అందరి సొత్తు ఎవరికీ పట్టదు, కాబట్టి ప్రభుత్వం పట్టుకోవాలి లేదా ప్రైవేటు పరం చేయాలి అనే వాదన ఒకటి ఉంది. 1968లో గారెట్ హార్డిన్ రాసిన వ్యాసంతో అది ప్రచారంలోకి వచ్చింది. ఎలినార్ ఆస్ట్రామ్ అనే శాస్త్రవేత్త అనేక దేశాల్లో చేపల వేటను, అడవులను, సాగునీటి వ్యవస్థలను పరిశీలించి, మూడో దారి కూడా ఉందని చూపించారు. ఎవరు వాడుకోవచ్చో స్పష్టంగా ఉండి, నియమాలు చేయడంలో వాడుకునేవారికే పాత్ర ఉండి, కాపలా వారిదై, తప్పుకు తగిన శిక్ష ఉండి, తగాదా తీర్చుకునే చోటు దగ్గరలో ఉంటే ఉమ్మడి వనరులు తరతరాలు నిలుస్తాయన్నారు. ఈ కృషికి ఆమెకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ శాస్త్రంలో ఈ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమే.

కొల్లేరుకు అన్వయిస్తే ఉమ్మడి ప్రణాళికలో ఈ పనులు ఉండాలి.

మొదటిది, ఊరివారీగా లెక్క. ఏ నెలలో ఎవరు ఏ నీటిని దేనికి వాడుతున్నారో ఊళ్ళోనే కూర్చుని పటం గీయాలి. పట్టా లేనివారిని కూడా ఆ పటంలో చేర్చాలి.

రెండవది, నీటి లెక్క. ఎంత వస్తోంది, ఎంత పోతోంది, నీటిలో ఉప్పు ఎంత, మురుగు ఎంత అనేది అందరూ చూసేలా పంచాయతీ బోర్డు మీద రాయాలి. లెక్క ఒకరి దగ్గరే ఉంటే మాట కూడా ఒకరిదే అవుతుంది.

మూడవది, బేరం. ఎండాకాలంలో సరస్సు మట్టం ఎంతకు తగ్గకూడదు? చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేట ఎన్నాళ్ళు ఆపాలి? ఏ గట్టు ముందు తీయాలి? ఉప్పుటేరు మీద రెగ్యులేటరు కడితే తలుపులు ఎప్పుడు తెరవాలి? వీటిని ఇంజనీరు, మత్స్యకారుడు, రైతు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి.

నాలుగవది, నష్టం ఎవరిదో ముందే తేల్చడం. గట్టు తీసే ముందే ఆ ఇంటికి పని, పరిహారం చేతికి అందాలి.

ఐదవది, ఏటేటా సమీక్ష. అనుకున్నది ఎంత జరిగిందో తెలుగులో అచ్చువేసి గ్రామసభలో చదివి వినిపించాలి.

చిల్కాలో ఏం చేశారు?

ఇదంతా పుస్తకాల్లో మాటే అనుకోవచ్చు. అందుకే పొరుగున ఒడిశాలోని చిల్కా సరస్సును చూద్దాం. అది సముద్రానికి ఆనుకున్న ఉప్పునీటి సరస్సు. సుమారు 2 లక్షల మంది మత్స్యకారుల బతుకు దాని మీద ఉంది. సముద్రం ఒడ్డున ఉండే నోలియాలు అనే మత్స్యకారుల్లో తెలుగు మూలాలున్నవారు కూడా ఉన్నారు.

1980ల నుండి చిల్కాకు గడ్డు రోజులు వచ్చాయి. నదులు తెచ్చిన ఒండ్రుతో సముద్రానికి పోయే మార్గం పూడింది. ఉప్పదనం తగ్గి కలుపు పెరిగింది, చేపలు తగ్గాయి. మరోవైపు రొయ్యల చెరువుల మీద మత్స్యకారులు పెద్ద ఉద్యమాలు చేశారు. చిల్కా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపు రొయ్యల పరిశ్రమ ఉండకూడదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1993లో చిల్కాను ప్రమాదంలో ఉన్న రామ్‌సార్ ప్రాంతాల జాబితాలో చేర్చారు.

ఈ సరస్సు కోసమే ఒడిశా ప్రభుత్వం 1990ల మొదట్లో చిల్కా అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. ముఖ్యమంత్రి దానికి అధ్యక్షుడు. అటవీ, మత్స్య, నీటిపారుదల, రెవెన్యూ శాఖలు వేటి దారిన అవి పోకుండా ఒకే బల్ల ముందుకు వచ్చాయి. శాస్త్రవేత్తల అధ్యయనం తరువాత 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మార్గం తెరిచారు. ఎగువన ఒండ్రు రాకుండా ఊరి వాటర్‌షెడ్ కమిటీలతో కలిసి పని చేశారు. 1999-2000లో సుమారు 1,700 టన్నులుగా ఉన్న చేపలు, రొయ్యలు, పీతల దిగుబడి రెండేళ్ళలో దాదాపు 12,000 టన్నులకు చేరింది. 2002లో ప్రమాద జాబితా నుండి చిల్కా బయటపడింది, ఆ ఏడే ఆ సంస్థకు రామ్‌సార్ అవార్డు వచ్చింది.

చిల్కాలో అన్నీ బాగున్నాయని మేము అనడం లేదు. కోర్టు తీర్పు తరువాత కూడా అక్రమ రొయ్యల కట్టలు చాలా ఏళ్ళు కొనసాగాయి. కొత్త మార్గం ఒక్కసారి తవ్వితే సరిపోయేది కూడా కాదు. కానీ ఒక సరస్సుకు ఒక బాధ్యత గల సంస్థ, ఒక లెక్క, అందరికీ ఒక బల్ల ఉంటే ఏం సాధ్యమో అక్కడ కనబడింది.

చట్టంలో మనకున్న తలుపులు

మనకు దారులే లేవనుకోవడం పొరపాటు. వన్యప్రాణి రక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం అభయారణ్యానికి సలహా కమిటీ ఉండాలి. అందులో పంచాయతీరాజ్ సంస్థల ప్రతినిధులకు చోటు ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి చెట్లు, చేపలు, పక్షుల వివరాలతో రిజిస్టరు రాయాలి. 2017 చిత్తడి నేలల నిబంధనలు వాడుకుంటూనే కాపాడుకోవడం అనే సూత్రం మీద నిలబడ్డాయి. 2005 సమాచార హక్కు చట్టంతో ఏ కమిటీలో ఎవరున్నారో, ఎన్నిసార్లు సమావేశమయ్యారో అడిగి తెలుసుకోవచ్చు.

అయితే ఒక హెచ్చరిక. కమిటీ ఉన్నంత మాత్రాన పేదవాడికి కుర్చీ దొరకదు. 1997లో మన రాష్ట్రం సాగునీటి సంఘాల చట్టం తెచ్చి దేశానికి దారి చూపింది. కానీ ఆ సంఘాల్లో ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవారికే. అదే చెరువులో చేపలు పట్టేవారికి, బట్టలు ఉతికేవారికి, పశువులు తోలుకొచ్చేవారికి ఓటు లేదు. భూమి ఆధారంగా కుర్చీ వేస్తే భూమి లేనివాడు నిలబడే ఉంటాడు. కాబట్టి కొల్లేరు ప్రణాళికలో మత్స్యకారులకు, దళిత కూలీలకు, మహిళలకు చోటు పేరు పేరునా రాసి ఉంచాలి. సమావేశం కూలి పోకుండా సాయంత్రం పూట పెట్టాలి. కాగితాలు తెలుగులో ఇవ్వాలి. ఇవి చిన్న విషయాలుగా కనబడతాయి గాని, ఎవరు మాట్లాడతారో, ఎవరు మౌనంగా ఉంటారో నిర్ణయించేవి ఇవే.

మనం చేయగలిగింది

కొల్లేరు మన ఊరికి దూరం కావచ్చు. కానీ ప్రతి ఊళ్ళో ఒక చెరువో, వాగో, కుంటో ఉంటుంది. దాని మీద ఒక తగాదా కూడా ఉంటుంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ నీటి మీద ఎవరెవరు బతుకుతున్నారో ఒక కాగితం మీద రాయండి. మీ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉందా, అందులో ఎవరున్నారు అని అడగండి. గ్రామసభ ఎప్పుడో తెలుసుకుని మీ అమ్మానాన్నలతో పాటు వెళ్ళండి. ఏదైనా ఉత్తర్వు వస్తే అందులో కాంటూరు, సర్వే నంబరు వంటి మాటలు వారికి విడమరచి చెప్పండి.

చదువుకున్నవాడు ఊరి తరఫున మాట్లాడితే మంచిదే. ఊరివారు తమ మాట తామే చెప్పుకునేలా లెక్కలు వారి చేతికి అందిస్తే అంతకంటే మంచిది. పక్షి బతకాలి, మనిషీ బతకాలి. ఆ రెండింటికీ చాలినంత నీరు కొల్లేరులో ఉండాలంటే, దాన్ని ఎలా పంచుకోవాలో తేల్చే చోట మనవాళ్ళు కూడా కూర్చుని ఉండాలి.